మా మరిది భుజం మీద పెరిగిన ఊరు

రాయ్‌పూర్‌ని నగరం చేసింది కుస్తీయేనని ఆ రోజు మైకులో చెప్పారు. ఇటుకలతో కొత్తగా కట్టిన కుస్తీ మైదానానికి సున్నం ఇంకా ఆరలేదు, చీర అంచుకు అంటుకుంటోంది. వేదిక మీద డేరా సేఠ్ పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన నిలబడి ఊరి పెద్దమనిషి ఒకాయన హిందీలో ఊగిపోతున్నాడు. ఈయన దంగల్, అంటే కుస్తీ పోటీ, పెట్టకపోతే మనకు ఈ రోడ్లు వచ్చేవా, ఈ దీపాలు వచ్చేవా, ఈ హోటళ్ళు వచ్చేవా, ఈ మహానుభావుడు చెయ్యి వేశాడు కాబట్టే పల్లెలాంటి ఊరు పట్నమైంది అంటున్నాడు. ఆడవాళ్ళ వరసలో మా అత్త పక్కన కూర్చుని నేను వింటున్నాను. చెయ్యి వేసిన మాట నిజమే. ఎవరి చెయ్యో మాత్రం ఆయన చెప్పలేదు.

నాకు తెలుసు కాబట్టి చెబుతాను. వినడానికి రోతగా ఉంటే, బతకడానికి ఎంత రోతగా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

నేను పెళ్ళై ఈ ఊరికి వచ్చేనాటికి ఇది రైలు ఆగడం వల్ల నలుగురికి తెలిసిన ఊరు, అంతే. మాది విజయనగరం దగ్గర. రాయగడ మీదుగా అడవులూ సొరంగాలూ దాటి వచ్చే రైలు మా వైపు మనుషుల్ని ఇక్కడ దింపింది. రైల్వే కాలనీలో ఆ వరసంతా మా వాళ్ళే. బయటికి వెళితే హిందీ, సంతకు వెళితే ఛత్తీస్‌గఢీ, ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుంటే మా భాష. మా మామగారు పట్టాల పనిలో పోయారు. మా ఆయన గూడ్సు బండికి గార్డు, ఇంట్లో ఉన్న రోజుల కంటే బండిలో ఉన్న రోజులే ఎక్కువ. ఇంట్లో మిగిలింది మా అత్త, నేను, మా మరిది.

మా మరిది ఇంజను మీద ఫైర్‌మన్. బొగ్గు కొట్టి కొట్టి వాడి భుజాలు గుమ్మానికి అడ్డంగా ఉండేవి. వాడికి ఒకటే కోరిక, డ్రైవరు కావాలని. అన్నం తింటూ కూడా కుడిచెయ్యి పైకెత్తి, ఇంజను నడిపే పిడి లాగుతున్నట్టు లాగేవాడు. "ఇలా తియ్యాల వదినా, మెల్లగా. జోరుగా తీస్తే సక్రాలు జారిపోతాయి," అనేవాడు. మెతుకులు నా మీద పడేవి. "ముందు నోట్లోకి తియ్యి నాయనా," అనేదాన్ని.

కుస్తీ వాడికి తర్వాతి ముచ్చట. మా వైపు సాము గరిడీ చేసే కుటుంబాలు ఎక్కువే కదా, ఆ రక్తం. ఇక్కడ చెరువు పక్కన ఒక ముసలి ఉస్తాద్ నడిపే అఖాడా, అంటే కుస్తీ నేర్పే గోదా, ఉండేది. మట్టిలో నూనె, పసుపు, మజ్జిగ కలిపి తవ్వి మెత్తగా చేసేవారు. లోపలికి అడుగు పెట్టేముందు ఆ మట్టిని ముట్టుకుని నుదుటికి పెట్టుకోవాలి. ఆ మట్టి ముట్టి ఇచ్చిన మాట తప్పితే మళ్ళీ ఆ గుంటలో దిగకూడదు, అది వాళ్ళ కట్టుబాటు. ఏడాదికోసారి నాగపంచమికి దంగల్ జరిగేది. చూడ్డానికి టిక్కెట్టు లేదు. గెలిచినవాడికి తలపాగా, కొబ్బరికాయ. ఓడినవాడికీ ఒక కొబ్బరికాయ. జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయేవారు.

పహిల్వాన్ ఉన్న ఇంట్లో కోడలి బతుకు ఎవరూ రాయరు. తెల్లవారకముందే బాదం నానబెట్టి తొక్క తీసి రోట్లో నూరాలి. మా గేదె పాలలో పైన తేరిన మీగడంతా వాడి ఖురాక్‌కే, అంటే పహిల్వాన్ తిండికి. అడుగున మిగిలిన నీలి నీళ్ళతో మాకు టీ. నూనె పట్టిన లంగోటీలు నేను ఉతకనన్నాను, అది ఒక్కటే నేను గెలిచిన కుస్తీ. అయినా వాడి మీద కోపం ఉండేది కాదు. నూరిన బాదంలో సగం గ్లాసు దాచి, మా అత్త చూడకుండా నాకు ఇచ్చేవాడు. "తాగీ వదినా, నువ్వే నూరినావు గదా," అనేవాడు.

అలా ఉన్నప్పుడు డేరా సేఠ్‌కు బుర్రలో పురుగు తొలిచింది. పెళ్ళిళ్ళకు డేరాలు, కుర్చీలు అద్దెకిచ్చే మనిషి. పెళ్ళిళ్ళు లేని నెలల్లో డేరాలు గోదాములో ఎలుకలు కొరుకుతుంటే చూడలేకపోయాడు. మా కాలనీ వెనక ఉన్న ఖాళీ మైదానం చుట్టూ రేకులు పాతించాడు. పైన తన డేరాలు కప్పించి, మధ్యలో మట్టి పోయించాడు. బయటి ఊళ్ళనుంచి జీతాలిచ్చి పహిల్వాన్లను తెచ్చాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం దంగల్, టిక్కెట్టు కొనుక్కుని చూడాలి. ముసలి ఉస్తాద్‌ను కూడా జీతానికి పెట్టుకున్నాడు. ఆయన వెనకే అఖాడా కుర్రాళ్ళు, వాళ్ళలో మా మరిది.

ఊరు అక్కడే వాపెక్కడం మొదలైంది. పెరగడం అంటారు గానీ, నేను చూసినది వాపే. ఆదివారం వచ్చిందంటే ఆరంగ్ నుంచి, మందిర్ హసౌద్ నుంచి ఎడ్లబళ్ళు. ధమ్‌తరీ నుంచి ఇరుకు పట్టాల మీద వచ్చే చిన్నబండి అభన్‌పూర్ దగ్గర ఇంకా జనాన్ని ఎక్కించుకుని, కప్పు మీద కూడా మనుషులతో వచ్చేది. వాళ్ళకు తిండి కావాలి, అందుకని కాలువ గట్టున భజియాల బళ్ళు. బళ్ళు పాకలయ్యాయి, పాకలు హోటళ్ళయ్యాయి. చివరి బండి తప్పిపోయినవాళ్ళు పడుకోవడానికి లాడ్జి లేచింది. సైకిళ్ళకు స్టాండు, బట్టలకు దుకాణాలు, చివరికి ఒక సినిమా హాలు. మునుపు గేదెలు మేసిన చోట మనుషులు గజాల చొప్పున కొలుచుకుని కొట్టుకున్నారు.

మా కాలనీ గోడ మాత్రం వాళ్ళందరికీ మూత్రశాల. ఆదివారం సాయంత్రం కిటికీలు మూసి చీర కొంగు ముక్కుకు కట్టుకుని వంట చేసేవాళ్ళం. గుమ్మం ముందు వేసిన ముగ్గు మీద కిళ్ళీ ఉమ్ములు. ఎంగిలి ఆకులు గాలికి లేచి ఆరేసిన బట్టలకు అంటుకునేవి. ఈగలు ఎంత బలిశాయంటే, తోలినా లేచేవి కావు. ఎదురింటి ముసలామె ఒకతన్ని గోడ దగ్గర పట్టుకుని చీపురు తిరగేస్తే, అతను తాపీగా పని ముగించుకుని, "క్యా మాతాజీ, ఊరు పెరుగుతుంటే ఇలాంటివి ఉండవా," అన్నాడట. పైన పటారం, లోన లొటారం అనే మాట మా వాళ్ళు ఈ ఊరిని చూసే పుట్టించి ఉంటారని ఆమె తిట్టుకుంది.

మంచి జరగలేదని అనను. డేరాకు కుళాయి వేసినప్పుడు మా వరసకూ ఒక కుళాయి వచ్చింది. వీధి దీపాలు వచ్చాయి. ఆ కుళాయి నీళ్ళే నేనూ తాగాను. తాగినంత మాత్రాన కృతజ్ఞత పుట్టుకురావాలని ఎక్కడా లేదు కదా.

మా మరిదికి సేఠ్ 'రైల్వే పులి' అని పేరు పెట్టి గోడల మీద రాయించాడు. ఆ ఏడాది చలికాలమంతా వాడు ఓడలేదు. మా అత్త నేల మీద నడవలేదు. కుళాయి దగ్గరకు వెళితే బిందె ముందు పెట్టే హక్కు తనదే అన్నట్టు నిలబడేది. "నా కొడుకు ఎన్ను ఇంతవరకూ మట్టి సూడలేదు," అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది. కుస్తీలో ఓటమి అంటే అదే కదా, వీపు నేలకు ఆనడం. దాన్ని ఇక్కడివాళ్ళు చిత్ కావడం అంటారు.

మా మరిది మాత్రం గెలిచి వచ్చిన రోజు కూడా పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఒకసారి అడిగాను, ఏటి మరిదీ, గెలిచినోడివి ఏడుపు మొహం పెట్టినావు అని. వాడు అటూ ఇటూ చూసి, "అదంతా ముందే అనుకున్నదే వదినా. ఎవడు పడాలో పొద్దున్నే సెప్పేస్తారు. నాగపంచమి కుస్తీ కాదిది," అన్నాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత అసహ్యం వేసింది. అంత జనం, అంత దుమ్ము, ఆ గోడ కంపు, అంతా ఒక అబద్ధం చూడ్డానికా!

అబద్ధం ఎన్నాళ్ళు దాగుతుంది? జనంలో గుసగుస మొదలైంది. పహిల్వాన్లు ఆదివారం కొట్టుకుని సోమవారం ఒకే హోటల్లో పక్కపక్కన కూర్చుని పూరీలు తింటున్నారని అందరూ చూశారు. ఆరంగ్ బళ్ళు తగ్గాయి. చిన్నబండి కప్పు ఖాళీ అయింది. భజియాలవాళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. సేఠ్‌కు కాళ్ళ కింద నిప్పు పడింది. అప్పుడు ఒక విదేశీ ఛాంపియన్‌ను తెస్తున్నానని, రైల్వే పులితో కుస్తీ పెడతానని ఊరూరా దండోరా వేయించాడు. ఆ విదేశీయుణ్ణి నేను చూశాను. మా కాలనీ బావి దగ్గర లంగోటీ పిండుకుంటూ, చేద తాడు తెగిందని మా వీధి హిందీ కంటే చక్కటి హిందీలో బూతులు తిడుతున్నాడు.

ఈసారి పడాల్సింది మా మరిది. పులి పడితేనే జనానికి కసి పుడుతుంది, మళ్ళీ ఇద్దరికీ కుస్తీ అంటే మళ్ళీ వస్తారు. అది సేఠ్ లెక్క. ముసలి ఉస్తాద్ సరేనన్నాడు, మా మరిదితో మట్టి ముట్టించి మాట తీసుకున్నాడు. సేఠ్ అడిగితే వాడు కాదనేవాడేమో, నేర్పిన గురువు చెయ్యి పట్టుకుని మట్టి దగ్గరకు తీసుకెళితే కాదనలేకపోయాడు.

ఇక్కడ, మా ఇంట్లో, ఇంకో మాట నడుస్తోంది. దండోరా విన్న రోజే మా అత్త తలారా స్నానం చేసి, మా ఊరి వైపుకు తిరిగి అమ్మవారికి మొక్కుకుంది. ఇంకెవరైనా అయితే నా కొడుకు గెలవాలి తల్లీ అని మొక్కుకుంటారు. మా అత్త గరిడీ ఇంటి ఆడపడుచు, ఆమె నోటికి వచ్చే మాట వేరు. "నా కొడుకు ఎన్ను మట్టికి ఆనకూడదు తల్లీ. ఆనకుండా సూస్తే నీ గుడి కాడ పోతును కోసి ఊరికంతా బోజనం ఎడతాను," అంది. పసుపుతాడు తెచ్చి కొడుకు కుడి దండకు కట్టింది. మొక్కుతాడు కట్టుకున్నవాడు ఆ మాట దాటితే అమ్మవారు ఇంటిమీదికి వస్తుందని మా వైపు నమ్మకం. మా మామగారు పట్టాల మీద పోవడానికి కూడా తీర్చని మొక్కే కారణమని ఆమె గట్టిగా నమ్మేది.

వాడు నా దగ్గరకు వంటింట్లోకి వచ్చి గోడకు చేరబడ్డాడు. "వదినా, రేపు ఆదివారం నాను పడిపోవాల. మట్టి ముట్టి మాటిచ్చేసినాను," అన్నాడు.

"మీ అమ్మకు సెప్పు," అన్నాను.

"సెప్పబోయినాను. సుబమా అని తాడు కడితే అపసకునం మాటలేటిరా అని నోరు మూసేసింది."

నేను వెళ్ళి చెప్పాను. అత్తా, ఆ ఆట ముందే ఖాయం చేసేశారంట, తాడు విప్పెయ్యి అన్నాను. మా అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నీకు పాలు సాల్లేదని నా కొడుకు మీద ఏడుపు," అంది. నేను మళ్ళీ వంటింట్లోకి వచ్చి చూస్తే వాడు ఇంకా అక్కడే, తాడును వేలితో తిప్పుకుంటూ నిలబడి ఉన్నాడు.

"అయితే నువ్వే విప్పుకో," అన్నాను.

"అమ్మ కట్టింది వదినా," అన్నాడు. అంతకు మించి వాడికి వాదన రాదు.

ఆదివారం మేమిద్దరం డేరాలో ఆడవాళ్ళకు పరదా కట్టిన చోట కూర్చున్నాం. పరదా కింద నుంచి కిళ్ళీ ఉమ్ములు లోపలికే పారుతున్నాయి. చెమట, బంతిపూలు, కాలిన నూనె, పేడ, అన్నీ కలిసిన ఆ వాసన ఇప్పుడు రాస్తుంటే కూడా ముక్కుకు తగులుతోంది. మళ్ళీ జనం వచ్చారు గానీ నమ్మకంతో రాలేదు, వెక్కిరించడానికి వచ్చారు. మట్టిలోకి దిగుతుంటేనే ఎవడో "పూరీలు తిన్నారా భయ్యా," అని అరిచాడు. డేరా అంతా నవ్వింది.

కాసేపు ఇద్దరూ మెడలు పట్టుకుని తోసుకున్నారు. తర్వాత ఛాంపియన్ కాలు అడ్డం వేశాడు. మా మరిది పడ్డాడు. పడాల్సినట్టే పడ్డాడు, కానీ వెల్లకిలా పడాల్సినవాడు బోర్లా పడ్డాడు. ఛాంపియన్ నడుం పట్టి తిప్పబోయాడు. వాడు తిరగలేదు. ఉస్తాద్ గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, పెదాలు కదపకుండా "చిత్ హో జా బేటా, చిత్ హో జా," అంటున్నాడు, వెల్లకిలా తిరగమని. పరదా పక్కనే కాబట్టి మాకు వినిపించింది. మా మరిది ముఖం మట్టిలో కూరేసుకున్నాడు. తిరగబడి గెలవడం లేదు. వెల్లకిలా పడి ఓడడమూ లేదు. ఛాంపియన్‌కు ఏమీ అర్థం కాలేదు. తిప్పడానికి పట్టు దొరక్క, కుడిచెయ్యి పట్టుకుని వీపు మీదుగా పైకి మెలివేశాడు. నెప్పికి ఎవడైనా తిరుగుతాడు. మా వాడు తిరగలేదు. ఇంకొంచెం మెలివేశాడు.

భుజం ఊడిన చప్పుడు పచ్చి కర్ర విరిచినట్టు వినిపించింది. ఛాంపియన్ చెయ్యి వదిలేసి, రెండు అడుగులు వెనక్కి వేసి, తన చేతుల వంక చూసుకున్నాడు. అతని ముఖంలో ఉన్నపాటి సిగ్గు కూడా ఆ తర్వాత ఈ ఊళ్ళో ఇంకెవరి ముఖంలోనూ నాకు కనబడలేదు.

నేను లేచాను. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "ఎన్ను తగిలిందేటే?" అంది. నాకు వినపడలేదనుకుని మళ్ళీ అడిగింది. "నీ కళ్ళు మంచివి గదా, సరిగ్గా సూసినావా? ఎన్ను మట్టికి తగిలిందా?"

"తగల్లేదత్తా," అన్నాను.

ఆమె రెండు చేతులూ ఎత్తి మా ఊరి వైపుకు దండం పెట్టింది. జీవితంలో నేను చాలా అసహ్యాలు చూశాను. ఆ దండం లాంటిది మాత్రం చూడలేదు.

బయట అప్పటికే కేకలు, విదేశీ ఛాంపియన్ గెలిచాడని. మా ఇంటికి పిడకలు తెచ్చే ఛత్తీస్‌గఢీ మనిషి ఒకామె నన్ను చూసి పరుగున వచ్చి, "అసలీ కుస్తీ ఆయ్ దాయీ, హాథ్ టూట్ గే!" అంది. నిజం కుస్తీయేనమ్మా, చెయ్యి విరిగిపోయింది అని. ఆమె గొంతులో జాలి లేకపోలేదు, సంబరం దానికి రెండింతలు ఉంది. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు.

ఆ మాట చిన్నబండి ఎక్కి ధమ్‌తరీ దాకా పోయింది. పూరీలు తినే కుస్తీ కాదట, ఎముకలు విరిగే కుస్తీయట. తర్వాతి ఆదివారం ఆరంగ్ రోడ్డు మీద బళ్ళు ఆగకుండా వచ్చాయి. ఆ ఎండాకాలం ఇంకో హోటలు, ఇంకో లాడ్జి. రోడ్డుకు తారు. బస్సుల అడ్డా మైదానం పక్కకే మార్చారు. రేకులు తీసి ఇటుకల గోడ కట్టడం మొదలుపెట్టారు, అది పూర్తవడానికి ఏళ్ళు పట్టింది. కుస్తీలు ఎప్పటిలాగే పొద్దున్నే మాట్లాడుకుని ఆడేవారు, కానీ అనుమానం ఎవరికైనా వస్తే పక్కవాడు కసిరేవాడు, రైల్వే పులి చెయ్యి మరిచిపోయావా అని. సేఠ్‌కు అంతకంటే గట్టి పునాదిరాయి ఎక్కడ దొరుకుతుంది?

మా మరిది భుజాన్ని మొదట ఎముకలు కట్టే మనిషి కట్టాడు, తర్వాత డాక్టరు విప్పి మళ్ళీ కట్టాడు. గూడు అతకలేదు. చెయ్యి మోచేతి కిందినుంచి కదిలేది, ఛాతీ దాటి పైకి లేచేది కాదు. ఇంజను మీద పనిచేసేవాళ్ళకు ఒంటి పరీక్ష ఉంటుంది. వాడు ఆ పరీక్షకు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. వచ్చి అరుగు మీద కూర్చుని, "ఇంజను ఎక్కడానికి పనికిరానంట," అన్నాడు. నేను గ్లాసులో పాలు పోసి ఇచ్చాను, మీగడతో. ఇంక నాకెందుకు వదినా మీగడ అని అన్నకు పెట్టమన్నాడు.

వాడికి తేలిక పని ఇచ్చారు. డ్యూటీ ఉన్న డ్రైవర్ల, ఫైర్‌మన్ల ఇళ్ళకు వెళ్ళి తలుపు తట్టి, బండి వేళయిందని లేపే పని. డ్రైవరు కావలసినవాడు డ్రైవర్లను నిద్రలేపుతూ ఊరంతా తిరిగేవాడు.

మా అత్త మాత్రం మొక్కు తీర్చాలంది. అమ్మవారు తన మాట నిలబెట్టుకుంది, మనం నిలబెట్టుకోవాలంది. రైల్వే పాసు మీద అందరం మా ఊరు వెళ్ళాం. పోతును కోశారు. బంతి భోజనాలకు ఊరంతా వచ్చింది. మా మరిది ఆకు ముందు కూర్చున్నాడు. కుడిచెయ్యి నోటిదాకా రాదు. ఎడమచేత్తో అమ్మవారి ప్రసాదం తినకూడదు. ఆకు వంక చూస్తూ కూర్చున్నాడు. మా అత్త వచ్చి, పక్కన చతికిలబడి, ముద్దలు కలిపి కొడుకు నోట్లో పెట్టింది, చుట్టూ ఉన్నవాళ్ళతో, "సీమదేశంలోంచి వొచ్చినోడు కూడా నా కొడుకు ఎన్ను నేలకి ఆనించలేకపోయినాడు," అని చెబుతూ. మీసాలున్న మగవాడు పదిమందిలో నోరు తెరుస్తుంటే నేను వడ్డిస్తున్న గిన్నె అక్కడే పెట్టి గుడి వెనక్కి పోయాను. తిన్నదేమీ లేదు, అయినా వాంతి అయింది.

తిరుగు బండిలో వాడే నాతో అన్నాడు. "ఉస్తాద్‌కి ఓడిపోతానని మాటిచ్చినాను, ఓడినాను. అమ్మ మొక్కు ఎన్ను తగలకూడదని, తగల్లేదు. ఇద్దరి మాటా దక్కింది గదా వదినా."

"నీ మాటేటి?" అన్నాను.

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ముందు ఇంజను మలుపు తిరుగుతుంటే కనబడింది, మెడ చాచి దాన్నే చూశాడు.

ఇదంతా తెలిసినదాన్ని కాబట్టి ఆ రోజు ఆ వేదిక ముందు ఆ పొగడ్తలు నాకు రోత పుట్టించాయి. అప్పటికింకా నాగపూరే మా రాజధాని, ఊళ్ళో ఎవరికి ఏ సన్మానం చేసినా అక్కడినుంచి ఒక గాంధీ టోపీ మనిషిని పిలిపించేవారు. అలాంటి మనిషి ఒకాయన మాట్లాడి కూర్చున్నాక, పాత పహిల్వాన్ చేత సేఠ్ గారికి దండ వేయిస్తాం అన్నారు. మా మరిదిని పేరు పెట్టి కాదు, రైల్వే పులి అని పిలిచారు. వాడు ఆ పూట డ్యూటీ చొక్కాతోనే వచ్చాడు. మెట్లెక్కాడు. బంతిపూల దండ రెండు చేతుల్లో పెట్టారు. సేఠ్ నవ్వుతూ మెడ చాచాడు. సేఠ్ పొడగరి.

ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి ఛాతీ దగ్గర ఆగిపోయింది. దండ ఏటవాలుగా వేలాడింది. మైకు మనిషి, "ఊపర్, భాయీ, ఊపర్," అన్నాడు, పైకెత్తమని. సేఠ్ కొంచెం వంగాడు, పొట్ట అడ్డం వచ్చింది, ఇంక వంగలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అక్కడ కూర్చున్న అంతమందిలో ఆ చెయ్యి ఎందుకు లేవదో గుర్తున్నవాడు ఒక్కడూ ఉన్నట్టు లేదు. పేరు గుర్తుంది, చెయ్యి మర్చిపోయారు. సేఠ్ కూడా ఆ నవ్వు ముఖంతోనే ఎదురుచూస్తున్నాడు, ఎవరో కొత్త మనిషి తడబడుతున్నట్టు.

మా మరిది దండను దించాడు. ఎడమచేత్తో దాన్ని విడదీసి, తన కుడిభుజానికే తగిలించుకుని, చేతిని సర్దుకుని, మెట్లు దిగి వచ్చేశాడు. ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అదేదో పహిల్వాన్ల పద్ధతి అనుకుని చప్పట్లు కొట్టారు. సేఠ్ కూడా కొట్టాడు. వాళ్ళు కొట్టాల్సిన చోటికే కొట్టారు, తెలియకుండా కొట్టారు.

ఇంటికి నడిచి వచ్చాం. గుమ్మంలో అడుగు పెట్టగానే మా అత్త అలవాటుగా కొడుకు భుజం మీది దండ తీసి అమ్మవారి పటం వైపు నడిచింది. నేను అడ్డం వెళ్ళి ఆమె చేతిలోంచి లాక్కున్నాను. కాపురానికి వచ్చాక ఆమె చేతిలోంచి నేను ఏదైనా లాక్కోవడం అదే మొదలు.

"ఇది అమ్మవారిది కాదత్తా. ఆ భుజానిదే," అని మళ్ళీ వాడి భుజానికి వేశాను.

కొడుతుందేమో అనుకున్నాను. ఆమె ఆ భుజం వంక చూస్తూ నిలబడింది. దగ్గరకు వచ్చి, చొక్కా మీదుగానే, గూడు దిగిపోయి గుంట పడిన చోట చెయ్యి పెట్టింది. చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది, మళ్ళీ పెట్టింది. అన్నేళ్ళలో వీపు తగిలిందా లేదా అని తప్ప ఆ చెయ్యి గురించి ఆమె వాణ్ణి ఒక్కమాట అడగలేదు.

"నొప్పిగా ఉందేటిరా?" అంది.

"ఇప్పుడు లేదమ్మా," అన్నాడు.